విశాఖ దాకా వెళ్ళి, దిగకుండా

విశాఖకు విమానంలో వెళ్దామన్న ఆలోచన నాది కాదు, అమ్మది. యూనివర్సిటీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో పనిచేసే నాకు సెలవు దొరకడమే గగనం. దొరికిన మూడు రోజులూ తార్నాకలో మా ఇంట్లో కాళ్ళు చాపుకుని గడపాలని నా ఆశ. అమ్మ వినలేదు. "నాకు సముద్రం సూడాలని ఉన్నది. తమ్ముడు, చెల్లె ఇద్దరు నాతోని రావాలె. ఇగ నిన్నేం అడగను," అంది.

చిక్కంతా ఆ ఇద్దరితోనే. మల్కాజ్‌గిరిలో ఉండే నర్సింహ మామ, అంబర్‌పేట్‌లో ఉండే సుగుణ చిన్నమ్మ మూడేళ్ళుగా ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. జనగామ దగ్గర ఊళ్ళో మా తాత చనిపోయిన రోజు చిన్నమ్మ చేరేసరికి దహనం అయిపోయింది. తన కోసం ఆపలేదని ఆమె కోపం. మామ ఏనాడూ సంజాయిషీ ఇవ్వలేదు. అక్క మాట కాదనలేక ఇద్దరూ వస్తామన్నారు.

టికెట్లు మామే తన ఫోన్లో తీశాడు. అన్నిటికన్నా చౌక విమానం. ఇలాంటి విమానాల్లో టికెట్టంటే లోపలికి రానివ్వడం వరకే. సీటు ఎంచుకోవాలంటే వేరే, సామాను వేయాలంటే వేరే, తిండి సంగతి సరేసరి. "యాడ కూసుంటే ఏంది, అందరం పోయేది ఒక్క కాడికే గద," అని మామ సీట్లు ఎంచుకోలేదు. మీరెప్పుడైనా బయలుదేరితే ఈ సలహా మాత్రం పాటించకండి.

శుక్రవారం తెల్లవారుజామున ఐదింటికి తార్నాక చౌరస్తాలో ఎయిర్‌పోర్ట్ బస్సు ఎక్కాం. సన్నగా వాన. మామ డ్రైవర్ వెనక సీట్లో కూర్చున్నాడు, చిన్నమ్మ చిట్టచివరి వరుసలో. మధ్యలో నేనూ అమ్మా. ఉప్పల్ దాటేదాకా అమ్మ ముందుకొకసారి, వెనక్కొకసారి మెడ తిప్పుతూనే ఉంది.

ఎయిర్‌పోర్టులో మొదటి గొడవ తూకం దగ్గర. మా టికెట్లకు చేతిసంచి ఒక్కటే ఉచితం. చిన్నమ్మ సంచి బరువు ఎక్కువ వచ్చింది. "ఆంటీ, కొంచెం సామాన్ తీసెయ్యున్రి, లేకపోతే ఎక్స్‌ట్రా కట్టాలె," అంది కౌంటర్లో అమ్మాయి. జిప్పు తీసి చూస్తే పెద్ద డబ్బా నిండా మురుకులు, ఒక మందపాటి దుప్పటి.

"హోటల్లో దుప్పట్లు ఇస్తారని చెప్పాను కదా చిన్నమ్మా!"

"ఎవలెవలో కప్పుకున్నయి నేను కప్పుకోను బిడ్డా."

మా వెనక లైను పెరుగుతోంది. దుప్పటిని ఆమె శాలువాలా భుజాల చుట్టూ చుట్టుకుంది. మురుకుల డబ్బా ఎవరి సంచిలోనూ పట్టలేదు, మామ సంచిలో తప్ప. ఆయన సంచి తెరిచి పట్టుకున్నాడు. "అక్కా, మెల్లగ పెట్టుమను, ఇరుగుతయి," అంది చిన్నమ్మ, ఆయన రెండడుగుల దూరంలోనే ఉన్నా. "అక్కా, నాకు తెలుసని చెప్పు," అన్నాడు మామ. అమ్మ కళ్ళు మూసుకుని ఊపిరి వదిలింది.

ఎనిమిదింటికి ఎగరాల్సిన విమానం తొమ్మిదన్నారు. గేటు మార్చారు. మేం దుప్పటితో, సంచులతో ఆ చివరికి నడిచి వెళ్ళాక మళ్ళీ పాత గేటుకే మార్చారు. టిఫిన్ ధర చూసి అమ్మ, "బిడ్డా, ఇది ఇడ్లీనా బంగారమా?" అని గట్టిగానే అడిగింది. ముగ్గురం మురుకులు నమిలాం. డబ్బా తన సంచిలోనే ఉన్నా మామ మాత్రం ఒక్కటీ ముట్టలేదు.

పదిన్నరకు విమానం ఎక్కాక తెలిసింది అసలు సంగతి. కంప్యూటర్ తన ఇష్టం వచ్చినట్టు సీట్లు పంచింది. అమ్మకు ఎక్కడో ముందు, కిటికీ పక్కన. నాకు బాగా వెనక. నా వెనక వరుసలో మామ, చిన్నమ్మ పక్కపక్కన. చిన్నమ్మ నిలబడే ఉంది. నా సీట్లోకి రమ్మంటే, "నేనెందుకు జరగాలె?" అంది. వాళ్ళ మధ్య నేను కూర్చుందామని, ఆ వరుసలో కిటికీ దగ్గర కూర్చున్న కుర్రాణ్ణి నా సీట్లోకి మారమని బతిమాలాను. "సారీ అక్కా, ఈ సీటుకు ఎక్స్‌ట్రా కట్టిన," అని చెవుల్లో ఏదో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. అతన్ని ఏమనగలం? ఎయిర్‌హోస్టెస్ వచ్చి కూర్చోమంటే చిన్నమ్మ కూర్చుంది, దుప్పటిని తనకూ మామకూ మధ్య గోడలా పెట్టుకుని.

గంట సేపు వెనక నుంచి చప్పుడే లేదు. మధ్యలో మాట మోసే అమ్మ లేదు మరి. నా పక్కన విశాఖ పెద్దాయన ఒకరు ఉన్నారు. "మబ్బు గట్టిగా పట్టేసిందండి. దిగనిస్తాడో లేదో," అన్నారు కిటికీలోంచి చూస్తూ. ఆయన నోటిమాట నోట్లో ఉండగానే విమానం కిందికి దిగడం మొదలుపెట్టింది. బయట తెల్లటి గోడ తప్ప ఏమీ కనిపించలేదు. ఇక చక్రాలు నేలకు తగులుతాయి అనుకుంటున్నప్పుడు ఇంజిన్లు ఒక్కసారిగా గర్జించాయి. విమానం ముక్కు పైకెత్తి మళ్ళీ ఎగిరింది. ఎక్కడో పసిపిల్ల కెవ్వుమంది.

"అన్నా!" అని వెనక నుంచి చిన్నమ్మ అరుపు.

"ఏం గాదు సుగుణా. ఏం గాదు, నేనున్న గద."

విమానం మబ్బుల పైన గుండ్రంగా తిరగసాగింది. నేను వెనక్కి తిరగలేదు. తిరిగితే ఆగిపోతారేమోనని భయం వేసింది.

"బాపు పోయిన్నాడు నన్నెందుకు పిలువలేదన్నా?" అంది చిన్నమ్మ కాసేపటికి.

"పిలిచిన. మీ ఆయన ఫోన్ స్విచాఫ్ వచ్చింది."

"తర్వాత తెలిసి వస్తున్న గద. తొవ్వల ఉన్నమని మా ఆయన నీకు చెప్పిండు గద. గంట సేపు ఆపలేకపోయినవా? నేను వచ్చేవరకు అందరు తానాలు చేసి కూసున్నరు. నేను బాపు మొఖం సూడలే."



"పెద్దమనుషులు పొద్దుగూకుతుందన్నరు. నేను ఆగున్రి అంటే ఆగుతుండె. అనలే."

"ఎందుకనలే?"

"నువ్వొచ్చి ఏడుస్తవని. పొద్దటి సంది ఎట్లనో నిలబడ్డ. నువ్వు ఏడుస్తె ఇగ నాతోని కాదనుకున్న."

"గీ మాట చెప్పనీకి మూడేండ్లు కావాల్నా నీకు?" చిన్నమ్మ గొంతు లేచింది. ముందు వరుసల వాళ్ళు తలలు తిప్పారు. "ఆ దినం నాడు చెప్తే అయిపోవు గద! నేనేమో మా అన్న నన్ను మనిషి లెక్క సూడలేదని ఇన్నేండ్లు..." అని ఆగిపోయి ఏడ్చేసింది. పెద్దాయన నా వైపు చూసి, "ఏడవనీయండమ్మా," అన్నారు నెమ్మదిగా.

అప్పుడే కెప్టెన్ గొంతు వినిపించింది. వాతావరణం అనుకూలించలేదు, హైదరాబాద్‌కే తిరిగి వెళ్తున్నామని. విమానమంతా ఉసూరుమంది.

ఒంటిగంటన్నరకు, పొద్దున ఎక్కిన చోటే దిగాం. ముందు దిగి మా కోసం నిలబడిన అమ్మ, చిన్నమ్మ ఎర్రటి కళ్ళు చూసి, "గంత భయపడ్డవానే?" అంది. కౌంటర్ దగ్గర తోపులాట. నిలబడీ నిలబడీ మా వంతు వస్తే, రేపటి విమానంలో సీట్లు లేవు, ఎల్లుండికి చూస్తాం అన్నారు. ఎల్లుండి సాయంత్రానికే మేం తిరిగి రావాలి. "అంటే సముద్రం మీద నుంచి అట్నుంచటే వచ్చేయాలా?" అని అరిచాను. కౌంటర్లో అతను వినయంగా, "మేడమ్, యాప్‌లో కంప్లయింట్ పెట్టండి," అన్నాడు. యాప్ తెరుచుకోలేదు.

తార్నాక బస్సు ఎక్కాం. మామ, చిన్నమ్మ ఒకే సీట్లో కూర్చున్నారు. ప్రశాంతంగా అనుకునేరు! మూడేళ్ళ బాకీ అంతా తీర్చుకున్నారు. ఎవరి పెళ్ళిలో ఎవరు మొహం తిప్పుకున్నారో, పండక్కి ఎవరు ఫోన్ చేయలేదో, ఎల్బీనగర్ దాటినా తెగలేదు. "నోర్లు మూయున్రి, బస్సంతా ఇంటున్నరు," అని అమ్మ రెండుసార్లు కసిరింది. వాళ్ళు వినలేదు.

చౌరస్తాలో దిగేసరికి వాన తెరిపి ఇచ్చింది. అమ్మకు సముద్రం చూపించలేకపోయాను. నా సెలవులో ఒక రోజు పోయింది. పైసలు ఎప్పుడు వాపసు వస్తాయో తెలియదు. ఈ విమానం ఎక్కమని శత్రువుకైనా చెప్పను.

చిన్నమ్మ ఆటో ఆపింది. మామ కూడా ఎక్కాడు.

"నువ్వెటు? మల్కాజ్‌గిరి అటు గద," అంది అమ్మ.

"దీన్ని ఇంటికాడ దింపి పోత. రేప్పొద్దుగాల ఊరికి పోతున్నం. బాపును ఎక్కడ కాలవెట్టినమో సూపియ్యాల్నట," అన్నాడు మామ తల వంచుకుని.

"ఇన్నేండ్లల్ల ఒక్కసారన్న అడిగితివా, సుగుణా రా, సూపిస్త అని?" అంది చిన్నమ్మ లోపలి నుంచి.

ఆటో అడిక్‌మెట్ వైపు పోవడానికి యూనివర్సిటీ రోడ్డులోకి తిరిగింది. చెట్ల కింద కనుమరుగయ్యేదాకా చిన్నమ్మ చెయ్యి గాల్లో ఆడుతూనే ఉంది, ఆయన్ని తిడుతూ.

"వీళ్ళతోని ఏగలేం బిడ్డా," అంది అమ్మ సంచి చేతిలోకి తీసుకుంటూ. "పా, మనం గూడ పొద్దుగాలనే లేవాలె. జనగామ బస్సన్న జనగామల దింపుతది."