మేనరికానికి సాక్షి

చాతం జెట్టీలో రెండు ఫెర్రీ పడవలు వచ్చి వెళ్లిపోయాయి. యర్రమ్మ దిగలేదు. కళ్యాణి గొడుగు మూసింది, తెరిచింది, మళ్లీ మూసింది.

ఆ రోజు కోర్టులో యర్రమ్మ సాక్ష్యం చెప్పాలి. చెప్పకపోతే కళ్యాణి పెళ్లి పెళ్లే కాకుండా పోతుంది. మిడిల్ పాయింట్‌లో చీరల కొట్లో పనిచేసే కళ్యాణికి భర్త నాగబాబు స్వయానా మేనమామ, చనిపోయిన అమ్మకు తమ్ముడు. ఏళ్ల తరబడి కాపురం చేశాక అతనికి మాయాబందర్‌లో మరో సంబంధం కుదిరింది. విడాకులకు పోతే ఎప్పటికి తేలుతుందో తెలియదు. అందుకని, మేనమామ మేనకోడలు చట్టం ఒప్పని వరస కాబట్టి ఆ పెళ్లి మొదటినుంచీ చెల్లదని కేసు వేసి, నీళ్లకు అవతల బాంబూఫ్లాట్‌లోని తన ఇంటికి వెళ్లిపోయాడు.

“మీ కుటుంబాల్లో ఆ ఆనవాయితీ ఉంటే చెల్లుతుందమ్మా” అంది కళ్యాణి లాయరు భారతీదేవి. “కానీ ఉన్నట్టు రుజువు కావాలి. చెప్పేవాళ్లున్నారా?”

లేరు. అందులో కళ్యాణి తప్పూ ఉంది. ఈ దీవుల్లో ఇరుగుపొరుగు హిందీవాళ్లు, బెంగాలీలు. “మామాతో షాదీనా, ఛీ!” అంటారని, నాగబాబు దూరపు చుట్టమని పెళ్లయిన కొత్తలోనే అందరికీ చెప్పుకుంది. తమవాళ్లలో అలాంటి పెళ్లి చేసుకున్నవాళ్లంతా అదే అబద్ధం ఆడారు. ఇప్పుడు కోర్టెక్కి అది అబద్ధమని ఒప్పుకోవడానికి ఎవరూ రారు. మిగిలింది యర్రమ్మ. కళ్యాణికి అమ్మమ్మా ఆమే, అత్తగారూ ఆమే. ఉండేది మాత్రం కొడుకు నాగబాబు పంచన.

మూడో ఫెర్రీలో దిగింది. ఒంటిమీద కొత్త చీర. పక్కన చెయ్యి పట్టుకుని నాగబాబు. కళ్యాణి గొడుగు సగం తెరిచి ఆగిపోయింది.

“ఒలే, సూస్తావేటి? ఆటో పిలు” అంది యర్రమ్మ. ఇద్దరినీ ఒకే ఆటో ఎక్కించి తను మధ్యలో కూర్చుంది.

“అమ్మా, నాకేటీ తెలీదను. బస్, అంతే” అన్నాడు నాగబాబు.

“సీర బాగుందిరా. ఇందుకేనా కొన్నావు?”

“అమ్మా!”

“మీ అయ్య నాకేటవుతాడ్రా?”

నాగబాబు బయటికి చూశాడు.

“మాయమ్మకి తమ్ముడు. నా పెళ్లి సంగతి నాకే తెలీదని సెప్పమంటావా?”

“మెల్లగా! డ్రైవర్ వింటున్నాడు.”

“విననీ.” ముందుకు వంగి డ్రైవర్ భుజం తట్టి, తన మొగుడూ కళ్యాణి మొగుడూ మేనమామలేనని హిందీలో చెప్పేసింది. “సునో భయ్యా, మేరా ఆద్మీ మేరా మామా థా. ఇస్కా ఆద్మీ భీ ఇస్కా మామా. జల్దీ చలో.”

అద్దంలో డ్రైవర్ కళ్లు కళ్యాణి మీద ఆగాయి. ఆమె మెడ మీద చెమట తుడుచుకుంది. ఆటోలో అన్న మాట జడ్జి ముందు అంటుందా? సాయంత్రం మళ్లీ ఆ కొడుకు ఇంటికే వెళ్లాల్సిన మనిషి.

కోర్టులో పిలుపు వచ్చింది. యర్రమ్మ గడప దగ్గర చెప్పులు విప్పి, కొడుకు వైపు చూడకుండా లోపలికి నడిచింది. వెనకే వెళ్లబోయిన కళ్యాణిని, ఆ ముసలావిడ ఏమవుతుందని అడుగుతూ బంట్రోతు ఆపాడు.

“వో బుఢియా ఆప్‌కీ కౌన్?”

వరండా నిండా జనం. వాళ్లలో మిడిల్ పాయింట్ ఇరుగుపొరుగు మొహాలూ ఉన్నాయి.

“నానీ” అంది కళ్యాణి, అమ్మమ్మ అని. తర్వాత, అత్తగారు కూడా అని అందరికీ వినబడేలా గొంతు పెంచింది. “సాస్ భీ.”