జంగయ్య ఎత్తుకుపోయిన దెబ్బలు

మా జంగయ్యకు ఒకటే పిచ్చి. ఇరుగుపొరుగులో ఎవరికి దెబ్బ తగిలినా, అది తనకే తగిలిందని చెప్పుకుంటాడు.

చైతన్యపురిలో మా ఎదురు ఫ్లాటు ఆయనది. నల్గొండ వైపు మనిషి, ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. పొద్దున ఎవరైనా మెట్ల మీద జారితే చాలు, సాయంత్రానికి మోకాలికి తువ్వాలు చుట్టుకుని గేటు దగ్గర కుర్చీ వేసేవాడు.

"మెట్ల మీద జారిన. గందుకే చెప్తున్న, తడిగుడ్డ పెట్టినంక జర సేపు ఆగాలె."

అందరూ అయ్యో పాపం అనేవారు. నాకు ఒళ్లు మండిపోయేది. ఎందుకంటే ఆ జారింది చాలాసార్లు నేనే.

ఓసారి తడిచేత్తో గీజరు స్విచ్చి ముట్టుకుని, షాక్ కొట్టి, వెనక్కి ఎగిరి బకెట్లో కూలబడ్డాను. సాయంత్రం చూస్తే, బకెట్లో పడ్డది జంగయ్యట! పై అంతస్తు ఇందిరాదేవిగారు ఆయనకు సేమ్యా పాయసం పంపారు. మా ఆవిడ విజయదుర్గ గిన్నెడు పులిహోర పట్టుకెళ్లింది.

"పడ్డది నేను కదే!" అన్నాను.

"ఆయన చెబుతుంటే కళ్లకు కట్టినట్టు ఉందండీ. మీరు పడ్డప్పుడు అంత బాగాలేదు."

దెబ్బ నాది, పులిహోర ఆయనది. కుళ్లుకోక ఏం చేయను?

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. మండుటెండలో దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. బస్సులు తిరిగే చోటే వండి, అక్కడే విస్తళ్లు వేసి తింటూ నిరసన తెలపడమన్నమాట. మాది కోస్తా అయినా నేనూ వెళ్లాను. మా కాలనీ పొయ్యి దగ్గర జంగయ్య ఒక్కడే పేరు కొట్టేస్తాడని నా బాధ. "సాంబారు నాకు వదిలేయండి!" అని గరిటె లాక్కున్నాను. మూడు రాళ్లు పెట్టి, పెద్ద గుండిగ ఎక్కించి, మంట ఎగదోశాను.

కింద ఉన్నది తారు రోడ్డని తట్టలేదు. పైన ఎండ, కింద మంట. తారు కరిగి ఒక రాయి మెల్లగా దిగబడింది. గుండిగ ఒరిగి సాంబారంతా రోడ్డు పాలైంది.

విస్తళ్ల ముందు కూర్చున్నవాళ్లు లేచారు. టెంటు వేసిన సైదులు అరిచాడు.

"ఎవరు పెట్టిండ్రు గీ రాళ్లు? గీ ఆంధ్రాయన కావాలనే పారబోసిండా ఏంది?"

జనం నా చుట్టూ మూగారు. ఇక ఈ వీధిలో తలెత్తుకు తిరగలేననుకున్నాను.

"రాళ్లు పెట్టింది నేనే!" తువ్వాలు చేతికి చుట్టుకుంటూ వచ్చాడు జంగయ్య. "చెయ్యి గూడ కాలింది. నౌకరి అంత రోడ్డు మీదనే చేసి, తారు కరుగుతదని మర్చిన. గందుకే చెప్తున్న, కింద ఇసుక పోసి, ఇటుకలు పేర్చినంకనే పొయ్యి పెట్టాలె."

"ఏం కాకా, గిదేంది!" అని సైదులు నవ్వేశాడు. అందరూ నవ్వారు. ఎవరో ఇసుక తెచ్చారు. పప్పు మళ్లీ ఉడికింది.

ఇంటికి వస్తూ అడిగాను. "ఎందుకలా చెప్పారు?"

"మీరు చెప్తే తప్పయితది సారూ, నేను చెప్తే పాఠమైతది. బకెట్ల పడ్డనాడు గూడ నలుగురు నవ్వుతరని మీరు తలుపేసుకుని కూసున్నరు గదా!"

మనసు నిండిపోయింది. అసూయ మాత్రం పూర్తిగా పోలేదు. కాలని ఆ చేతికి మర్నాడు మళ్లీ పాయసం వచ్చింది మరి.

తర్వాతి వారం జంగయ్య నిజంగానే పడ్డాడు. భార్య కిష్టమ్మ ఎక్కొద్దని ఒట్టు వేయించుకున్న పాత స్టూలు మీదే ఎక్కి, ఫ్యాన్ తుడవబోయాడు. స్టూలు కాలు విరిగింది. చప్పుడు విని వెళ్లి లేపాను. కిష్టమ్మ కొత్తపేట రైతు బజారుకు వెళ్లింది.

"సారూ, ఆమెకు తెల్వద్దు," అన్నాడు నడుం పట్టుకుని.

సాయంత్రం మోకాలికి తువ్వాలు చుట్టుకుని గేటు దగ్గర నేను కూర్చున్నాను. "జంగయ్యగారి స్టూలు అడిగి తెచ్చుకుని, ఎక్కి పడ్డానండీ. అందుకే చెబుతున్నాను, కాళ్లూగే స్టూలు ఎక్కకూడదు."

"అయ్యో సారూ, పైలం!" అంటూ కిష్టమ్మ వేడివేడి సర్వపిండి తెచ్చి నా చేతిలో పెట్టింది.

బాల్కనీలోంచి జంగయ్య గుడ్లు మిటకరించి చూస్తున్నాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. పాపం, ఆయనకో ముక్క దాచుదామనుకున్నాను. పులిహోర గుర్తొచ్చి మానేశాను.