అవ్వ కొలిచిన లెవీ

మా అవ్వతో ఎవరూ గెలవలేరు. పంట చేతికొచ్చే రోజుల్లో అయితే అసలే గెలవలేరు. జనగామ దగ్గర మా ఊళ్లో అందరూ వడ్లను కల్లంలోనే నాలుగు ఎండలకు ఆరబెట్టి ఇళ్లకు తెచ్చుకుంటారు. మా నాయినను కన్న ఈ తల్లి మాత్రం పొద్దుగూకేలోపు ఒక్క గింజ మిగలకుండా ఇల్లు చేర్చాల్సిందేనని పట్టుబట్టేది. పచ్చి వడ్లు బస్తాల్లో వేడెక్కి మక్కిపోయేవి. మార్కెట్లో సేటు గుప్పెడు తీసి వాసన చూసి, మొహం చిట్లించి, మళ్లీ బస్తాలోకే విసిరేసేవాడు. నాయిన ఇంటికొచ్చి వీరంగం వేసేవాడు.

"ఏందే అవ్వా, ఏటేట గిదే లొల్లి! రెండెండలు ఆగితే నీ సొమ్మేం పోతది?"

"కల్లంల ఉన్నంతసేపు గది వాళ్లదిరా. ఇంట్లకొస్తెనే మనది."

ఆ 'వాళ్లు' ఎవరో మా అందరికీ తెలుసు. నిజాం పోయి అరవై ఏళ్లు దాటింది. అవ్వ లెక్కలో మాత్రం వాళ్లింకా పోలేదు.

ఆమె కొత్తకోడలిగా వచ్చిన కాలంలో లెవీ ఉండేది. అంటే పండిన పంటలో సర్కారుకు కొలిచి ఇవ్వాల్సిన ధాన్యం. ఎక్కడో తెల్లవాళ్లు యుద్ధం చేస్తుంటే, వాళ్ల కింద నిజాం, నిజాం కింద తాసీల్దారు, తాసీల్దారు కింద ఊరి పటేలు, అందరి చెయ్యీ చివరికి మా కల్లంలో పడేది. వడ్లు కుప్ప పోయగానే పటేలు మనిషి వచ్చి, చెక్కిన చెక్కతో కుప్ప చుట్టూ బూడిద ముద్రలు వేసిపోయేవాడు. కొలుచుకుని పోయేదాకా ఇంటివాళ్లు దానిమీద చెయ్యి వేయకూడదు. గుప్పెడు తీసినా ముద్ర చెదిరి దొరికిపోతారు. పండినా పండకపోయినా ఇవ్వాల్సింది ఇవ్వాల్సిందే. ముద్ర పడిన కుప్ప పక్కనే కూర్చుని పిల్లలు ఆకలికి ఏడ్చేవాళ్లట. ఇదెక్కడి న్యాయమో చెప్పండి!

తిరుగుబాటు అంటే నేను చదివిన పాఠాల్లో జెండాలూ ఉపన్యాసాలూ ఉండేవి. మా తాత చేసింది మాత్రం చాలా చిన్న పని. కరువు ఏడాది కాసిని వడ్లు వచ్చాయి. వాటిమీద కూడా ముద్ర వేస్తే, అందరూ చూస్తుండగా అరచేత్తో తుడిచేశాడు. అది చూసి పక్క కల్లంవాడు కూడా తుడిచాడు. సాయంత్రానికి ఊళ్లో ఏ కుప్ప మీదా ముద్ర లేదు. ముద్ర చెక్క పట్టుకొచ్చిన మనిషిని కర్రలతో పొలిమేర దాటించారు. ఆ తర్వాత తుపాకులతో పటాలం దిగింది. తాతను మానుకోట దిక్కుకు తోలుకపోయారు. ఆయన మళ్లీ రాలేదు, శవం కూడా రాలేదు. నాయిన అప్పటికింకా అవ్వ కడుపులోనే ఉన్నాడు. అవ్వ మాకు అంతవరకే చెప్పేది.

మా ఆయనకు భూపాలపల్లిలో బొగ్గుబాయి ఉద్యోగం. ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మెలు నడుస్తున్న రోజుల్లో బాయి బందైంది, పిల్లల బడీ బందైంది. వాళ్లను వెంటబెట్టుకుని పుట్టింటికి వచ్చాను. మా తమ్ముడు నా తర్వాత చాలా ఏళ్లకు పుట్టిన ఒక్క కొడుకు, డిగ్రీ చదువుతున్నాడు. వాడు ఇంట్లో ఉంటే కదా! రోడ్డు మీదే వంట, రోడ్డు మీదే ఆట, రోడ్డు మీదే పాట.

"మన నీళ్లు మనకు రావద్దా అక్కా? మన కొలువులు మనకొద్దా? సిన్మాలల్ల మన మాట మాట్లాడేది రౌడీలేనా?" అని మండిపడేవాడు. నిజం చెప్పొద్దూ, నాకూ ఒళ్లు మండేది.

వరికోతల సమయానికి కేంద్రం నుంచి బలగాలు వచ్చి మా ఊరి బడిలో దిగాయి. బూట్ల చప్పుడు విని అవ్వ గడపలోకి వచ్చి నిలబడింది.

"మల్లొచ్చిన్రా," అంది. ఆ పూట ముద్ద ముట్టలేదు. తమ్ముడు బయటికి పోతుంటే వాడి చెయ్యి పట్టుకుంది. "నువ్వు పోకు బిడ్డా, నీకు దండం పెడ్త. నిన్ను గూడ తోల్కపోతరు."

వాడు నవ్వి చెయ్యి విడిపించుకున్నాడు. ఆ రోజే పెద్దరోడ్డు మీద బైఠాయించిన పిల్లలందరినీ లాఠీలతో కొట్టి వ్యాన్లలో పడేశారు. మావాడి తల పగిలిందని ఒకరు, చెయ్యి విరిగిందని ఇంకొకరు చెప్పారు. నాయిన ఠాణాకు పరుగెత్తితే గేటు కూడా దాటనివ్వలేదు.

మర్నాడు పొద్దున లేచి చూస్తే అవ్వ లేదు. ఎనభై దాటిన మనిషి! పక్కింటి అక్క చెప్పింది, "మీ అవ్వ ఆటోల వడ్ల బస్తా ఏస్కొని ఠాణాకు పోయింది గదనే" అని. నేను ఇంకో ఆటో పట్టుకుని వెంటబడ్డాను.

ఠాణా గేటు ముందు దుప్పటి పరిచి, బస్తా మూతి విప్పి, మానికతో వడ్లు కొలుస్తోంది మా అవ్వ. "లాభం... రెండు... మూడు..." మా దిక్కు గింజలు కొలిచేటప్పుడు మొదటి మానికను ఒకటి అనరు, లాభం అంటారు. పోలీసుల ముందు కూడా ఆ పద్ధతి తప్పలేదు మహాతల్లి!

కానిస్టేబులు మన ప్రాంతం పిల్లాడే. "ఏందవ్వా గిది? ఈడ దుకానం పెట్టినవా?" అన్నాడు.

"లెవీ బిడ్డా. తక్కువైతే మల్ల తెస్త. మా పిలగాన్ని ఇడ్సిపెట్టుర్రి."

లోపలివాళ్లూ బయటివాళ్లూ ఒక్కసారిగా నవ్వారు. నాకు తల తీసేసినట్టయింది. "లేవే అవ్వా! గిప్పుడు లెవీ ఎక్కడిదే? అందరు నవ్వుతున్రు!" అని అరిచాను.

"నవ్వనియ్యి."

తుపాకీ పట్టుకున్న జవాను ఒకడు హిందీలో కసురుతూ వచ్చి బూటుకాలితో బస్తాను పక్కకు తోశాడు. వడ్లు రోడ్డు మీద ఒలికిపోయాయి. అవ్వ వాణ్ని ఒక్క మాట కూడా అనలేదు. వంగి, దోసిళ్లతో ఎత్తి మళ్లీ మానికలో పోసుకుంటూ నాతో మెల్లగా చెప్పింది.

"నీకు తెల్వదు బిడ్డా. ఆనాడు గూడ తోల్కపోయేముందు వడ్లే అడిగిన్రు. వడ్లేడ దాచిన్రో సెప్పుమని మీ తాతను గుంజకు కట్టేసి కొట్టిన్రు. సెప్తె ఇడుస్తమన్నరు. కొట్టంల నేల కింద పాతర నిండ అంతకు ముందటేడు దాసిన వడ్లుండె. కడుపుల మీ నాయిన ఉన్నడు. గింజలు పోతె పుట్టేటోడు ఎట్ల బతుకుతడని నేను నోరిప్పలె. మీ తాత నా దిక్కు జూసిండు. ఆయన గూడ సెప్పలె."

ఇన్నేళ్లు ఈ మాటను కడుపులో పెట్టుకుని మాకు అన్నాలు వండిపెట్టింది. నేనూ కింద కూర్చుని ఆమెతోపాటు గింజలు ఎత్తాను. కానిస్టేబులు పిల్లాడు నవ్వడం మానేసి లోపలికి వెళ్లిపోయాడు.

సాయంత్రానికి నాయిన వకీళ్లను వెంటబెట్టుకుని వచ్చాడు. నాయకులు వచ్చారు, జనం వచ్చి ఠాణా ముందు కూర్చున్నారు. చివరికి కేసులు రాసుకుని, పూచీకత్తు తీసుకుని పిల్లలందరినీ వదిలారు. మావాడు తలకు కట్టుతో బయటికి వచ్చాడు. నేను వాణ్ని పట్టుకుని ఏడ్చాను, ఏడుస్తూనే తిట్టాను. అవ్వ మాత్రం వాడి దగ్గరికి రాలేదు. దుప్పటి మీది వడ్ల వైపు చూస్తూ కూర్చుంది.

"గింతేనా?" అంది.

"ఏందవ్వా?"

"గిన్ని గింజలకే ఇడుస్తరా మనిషిని?"

"వడ్లకు కాదే అవ్వా, వకీలు సారు..." అని చెప్పబోయాను. ఆమెకు వినబడితే కదా.

"పాతరల గింతకన్న మస్తుండె బిడ్డా. మస్తుండె," అంటూ నేలకు తల ఆనించి గొల్లుమంది. ఆమె అట్లా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. తమ్ముడు ఆమె ముందు కూలబడి, "నేనొచ్చిన అవ్వా, జూడు, నేనొచ్చిన," అంటూనే ఉన్నాడు. ఆమె వాడి మొహం చూడలేదు.

నాయిన నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. అరవై దాటిన మనిషి, తండ్రి మొహం ఎరగనివాడు.

"ఏం పాతరనే?" అని నన్నడిగాడు.

తెలియదన్నాను.