రాయమల్లు చెవికి నచ్చిన సీడీ ప్లేయర్

మందమర్రి గనుల్లో రాయమల్లు చెవులంటే ఒకప్పుడు అందరికీ గురి. ముప్పై నాలుగేళ్లు టింబర్‌మన్‌గా చేశాడాయన. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం ఆ పని. నిలబెట్టే ముందు పొడుగాటి కడ్డీతో పైరాయిని తట్టి, తల కాస్త పక్కకు వంచి వినేవాడు. గట్టి రాయి ఖంగుమంటుంది. లోపల పగిలి వదులైన రాయి బోలుగా, బొద్దుగా పలుకుతుంది. రాయమల్లు "బొద్దుగున్నది" అన్నాడంటే ఎంతటి మొండివాళ్లయినా మారుమాట లేకుండా వెనక్కి జరిగేవాళ్లు.

రిటైరై ఆరేళ్లయినా ఆ అలవాటు పోలేదు. తట్టకుండా ఏ వస్తువూ కొనడు. పుచ్చకాయలూ కుండలూ అయితే సరే, కూతురు అమూల్యకు కరీంనగర్ సంబంధం చూడ్డానికి వెళ్లినప్పుడు పెళ్లివారి ముందుగది గోడలు నాలుగూ తట్టి వచ్చాడు. ఒక మూల బొద్దుగా ఉందని వాళ్లకే చెప్పాడు కూడా. ఆ మరుసటి వానాకాలంలో సరిగ్గా అక్కడే పెచ్చులూడాయి. అప్పటి నుంచి వియ్యంకుడికి ఆయనంటే కొంచెం భయం.

ఇన్ని విన్న చెవులకు ఆయన ఇచ్చిన ఒకే ఒక్క సుఖం పాట. పదిహేనేళ్ల కింద బదిలీ మీద వెళ్లిపోతున్న ఒక ఇంజినీరు దగ్గర ఆంప్లిఫయరు, మోకాలెత్తు చెక్క స్పీకర్లు రెండు, వాటితోపాటు ఒక సీడీ ప్లేయర్ కొన్నాడు. ఆ తర్వాత ఊరూరా సీడీల దుకాణాలు మూతపడుతుంటే తిరిగి తిరిగి రెండొందల సీడీలు పోగుచేశాడు. రోజూ పొద్దున పదింటికి, ఇంటి పనులు ఒక కొలిక్కి వచ్చాక, గోడకానుకుని కూచుని ఒక సీడీ మొత్తం వింటాడు. మధ్యలో లేవడు, ఎవరితోనూ మాట్లాడడు. ఆ గంటసేపు ఇంట్లో మనిషి లేనట్టే లెక్కేసుకునేది భార్య ఎల్లక్క.

ఒకరోజు ప్లేయర్ మొరాయించింది. సీడీ పెట్టిన పళ్లెం లోపలికి పోయింది, కాసేపు గిరగిరా తిరిగిన చప్పుడైంది, తర్వాత లోపల సీడీయే లేదని అక్షరాలు వెలిగాయి. రాయమల్లు దాన్ని సంచిలో పెట్టుకుని మంచిర్యాల తీసుకుపోయాడు. సీడీని చదివే లెన్సు కళ్లు మూసిందనీ, ఆ రకం లెన్సు ఇప్పుడెక్కడా దొరకదనీ మెకానిక్ చెప్పాడు. చెబుతూ చెబుతూ పెట్టెను సంతాపంగా ఒకసారి నిమిరాడు కూడా.

సంగతి తెలిసి అమూల్య కరీంనగర్ నుంచి టిఫిన్ డబ్బా అంత బ్లూటూత్ స్పీకర్ తెచ్చిచ్చింది. సెల్‌ఫోన్లో లేని పాట లేదని, ఇక సీడీల ఫికరే వద్దని నచ్చజెప్పింది. రాయమల్లు దాన్ని వేలి కణుపుతో తట్టి, కిటికీలో పెట్టాడు. అది రెండు రోజులు బాగానే పాడింది. మూడోరోజు పక్కింటి బాలమల్లు ఫోను ఏ దారిన కలిసిందో, పొలం గట్టు తగాదా గురించి ఆయనతో బావమరిది మాట్లాడిందంతా రాయమల్లు ఇంట్లోంచి వాడకట్టు మొత్తానికీ వినబడింది. బాలమల్లు బయటికి వచ్చి, బావమరిది గొంతు ఎక్కణ్నుంచి వస్తోందో తెలియక ఆకాశం వైపు చూశాడు. ఎల్లక్క స్పీకర్‌ను బియ్యం డబ్బాలో పెట్టి మూత వేసింది.

"నాకు సీడీ ప్లేయరే కావాలె బిడ్డా," అని రాయమల్లు ఫోన్లో కూతురికి తేల్చి చెప్పాడు.

మందమర్రిలో అడిగితే దుకాణాలవాళ్లు ముందు నవ్వారు, తర్వాత పాత జ్ఞాపకాలు చెప్పుకొచ్చారు, చివరికి చార్జర్ ఏమైనా కావాలా అని అడిగారు. రాయమల్లు స్నేహితుడు విజయేందర్ గనిలో ఎలక్ట్రికల్ ఫోర్‌మన్‌గా చేసి రిటైరైనవాడు. ఆయన వారం రోజులు ఫోన్లో వీడియోలు చూసి, మంచి ధ్వని గురించి కాగితానికి రెండువైపులా రాసుకొచ్చాడు. వైరు బంగారు పూతదై ఉండాలట. ప్లేయర్ కింద నల్లరాయి పలక వేయాలట. ఆంప్లిఫయరూ ప్లేయరూ ఒకే స్విచ్ బోర్డు నుంచి కరెంటు తాగాలట. పలక మాట దగ్గర ఎల్లక్క లేచి వంటింట్లోకి పోయింది. రాయమల్లు కాగితాన్ని మర్యాదగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. తనకు తెలిసిన పద్ధతి తనకుంది. గీతలు పడిన సీడీ ఒకటి, ఏ మచ్చా లేనిది ఒకటి, కాలనీలో డోలు వాద్యంతో చెప్పించిన ఒగ్గు కథను కంప్యూటర్లో ఎక్కించిన సీడీ ఒకటి, మొత్తం మూడు సంచిలో వేసుకున్నాడు. ఈ మూడింటినీ తడబడకుండా పాడించిందే మంచి ప్లేయర్.

కూతుర్ని చూసినట్టూ ఉంటుందని ఎల్లక్క కూడా బస్సెక్కింది. కరీంనగర్‌లో ముందు అద్దాల షోరూముకు వెళ్లారు. అక్కడ నిజంగానే కొత్త సీడీ ప్లేయర్ ఒకటుంది. టై కట్టుకున్న సేల్స్‌మన్ వాళ్లిద్దరినీ మెత్తటి సోఫాలో కూచోబెట్టి, లైట్లు తగ్గించి పాట పెట్టాడు. రాయమల్లు కళ్లు మూసుకున్నాడు. పాడేవాడు ఊపిరి పీల్చడం కూడా వినబడింది. అంత బాగుంది. పాట అయ్యాక లేచి వెళ్లి ప్లేయర్ మూతను రెండుసార్లు తట్టేసరికి సేల్స్‌మన్ చేయి అడ్డం పెట్టి, అది ఎనభై ఐదు వేల వస్తువని విన్నవించుకున్నాడు.

ఎల్లక్క సోఫాలోంచి కదలకుండా అడిగింది. "గింత పెట్టి కొన్నంక అది చాయ్ గూడ పెట్టాలె గదా?"

పెట్టదని తెలిశాక బయటికి వచ్చారు.

అల్లుడు చెప్పిన గుర్తులు పట్టుకుని వెతగ్గా, ఒక సందులో స్వరూప దుకాణం దొరికింది. నలభై దాటిన మనిషి. తండ్రి దగ్గర రేడియోలు బాగుచేయడం నేర్చుకుని, ఆయన పోయాక దుకాణం తనే నడుపుతోంది. పాత సెట్లు కొని, బాగుచేసి అమ్ముతుంది. చేతిలో సోల్డరింగ్ గన్ను పక్కన పెట్టకుండానే, ఆంప్లిఫయర్ ఏది, స్పీకర్లు ఎంత పెద్దవి, రోజూ ఎంతసేపు వింటారు అని వరసగా అడిగింది. ఆ ప్రశ్నలు విని రాయమల్లు సంబరపడిపోయాడు. ఇన్నాళ్లకు సరైన డాక్టరు దొరికినట్టు తన చెవుల చరిత్ర మొత్తం ఆమెకు చెప్పుకున్నాడు.

స్వరూప విని, బల్ల మీద మూడు ప్లేయర్లు పెట్టి వాటి మీద దుప్పటి కప్పింది. ఏది పాడుతోందో చెప్పనని, చెవితోనే ఎంచుకొమ్మని చెప్పింది. ఒకే పాటను మూడింట్లోనూ పెట్టింది. రాయమల్లు తల పక్కకు వంచి విన్నాడు. మొదటిదానికి పెదవి విరిచాడు, రెండోదానికి పర్వాలేదన్నట్టు చేయి ఊపాడు. మూడోది అయిపోగానే లేచి నిలబడ్డాడు.

"గిదే. లోపట బరువున్న సామాను గిది. జపాన్‌ది అయ్యుంటది."

స్వరూప దుప్పటి తీసింది. మూడోది అట్టపెట్టెలా పలచగా ఉన్న పాత డీవీడీ ప్లేయర్. సినిమాలు చూసే రోజుల్లో ఇంటింటా ఉండేది. వెల పన్నెండు వందలు. జపాన్‌ది మొదటిది, రాయమల్లు పెదవి విరిచింది దానికే.

రాయమల్లు చెవులు రెండూ నలుపుకున్నాడు. బస్సు ప్రయాణంలో చెవులు దిబ్బడేశాయేమోనని అనుమానం వెలిబుచ్చి, ఇంకోసారి పెట్టమన్నాడు. ఆమె మళ్లీ దుప్పటి కప్పి, వరస మార్చి పెట్టింది. ఈసారి జపాన్‌దాన్ని ఎంచుకున్నాడు. మూడోసారి మధ్యదాన్ని. ఎల్లక్క ముఖం కొంగుతో తుడుచుకుంటున్నట్టు నటించింది గానీ భుజాలు కదులుతూనే ఉన్నాయి.

"నీ చెవు మంచిదే కాకా," అంది స్వరూప నెమ్మదిగా. "గీ మూడింటి నడుమ తేడానే జరంత. పాటకు తేడా తెచ్చేది స్పీకర్లు. ప్లేయర్ల సూడవలసింది లెన్సు మంచిగున్నదా, ఆఖరి పాట దాంక సదువుతున్నదా అని."

ఆ మాటతో రాయమల్లుకు ప్రాణం లేచొచ్చింది. సంచిలోంచి తన మూడు సీడీలూ తీశాడు. జపాన్‌దానికి గీతల సీడీ దగ్గర నత్తి పట్టింది. లెన్సు ముసలిదైందని స్వరూపే ఒప్పుకుంది. డీవీడీ ప్లేయర్ మూడింటినీ చదివింది గానీ, దాని ముఖాన అంకెలు లేవు. ఎన్నో పాట పాడుతోందో తెలియాలంటే టీవీ కూడా పెట్టుకోవాలి. పాట వినడానికి టీవీ చూడటమేమిటని రాయమల్లు దాన్ని పక్కకు జరిపాడు. మధ్యలోది మామూలు సీడీ ప్లేయరే. అంకెలు పచ్చగా కనిపిస్తున్నాయి. గీతల సీడీని, కంప్యూటర్లో ఎక్కించిన సీడీని చివరిదాకా చదివేసింది. పళ్లెం మాత్రం సగం వచ్చి ఆగిపోతోంది. స్వరూప మూత విప్పి, సాగిపోయిన రబ్బరు బెల్టు తీసి కొత్తది వాళ్ల కళ్లెదుటే వేసింది. మూడున్నర వేలు చెప్పి, ఆరు నెలల్లో లెన్సు పోతే తనే మారుస్తానంది.

రాయమల్లు మూత మీద తట్టాడు. ఖంగుమంది. బేరం ఎల్లక్క ఆడింది. మూడు వేలకు తెగింది.

మర్నాడు మందమర్రిలో వైర్లు కలిపి మీట నొక్కగానే స్పీకర్లలోంచి పాటతో పాటు సన్నటి గుయ్ మనే మోత వచ్చింది. నిజానికి ఆ మోత పదిహేనేళ్లుగా ఉన్నదే. రాయమల్లు దాన్ని స్పీకర్ల గొంతులో గాంభీర్యం అనుకుంటూ వచ్చాడు. చూడ్డానికి వచ్చిన విజయేందర్, ఆంప్లిఫయరు ఒక గోడకూ ప్లేయరు ఇంకో గోడకూ కరెంటు తాగుతుండటం గమనించి, తన కాగితం ఏమైందని అడిగాడు. రెండింటినీ ఒకే బోర్డుకు పెట్టగానే మోత టక్కున ఆగిపోయింది. పదిహేనేళ్లలో మొదటిసారి స్నేహితుడి మాట నిజమైనందుకు రాయమల్లు చాయ్‌తో పాటు సకినాలు కూడా పెట్టించాల్సి వచ్చింది.

ఆ సంతోషంలో ఒగ్గు కథ సీడీ పెట్టాడు. కాలనీలో ఆ కథ చెప్పించి రికార్డు చేసిన ఆదివారం మధ్యాహ్నం మైకు పక్కనే కూచుని, కన్నార్పకుండా కథంతా విన్నానని ఆయన అందరికీ చెబుతుంటాడు. కథకుడి గొంతు గదిలో మనిషి నిలబడి చెబుతున్నట్టే పలికింది. మోత లేకపోవడంతో డోలు వెనకాల ఇంకో చప్పుడు కూడా స్పష్టంగా వినబడింది. గుర్రు... కాస్త ఆగి మళ్లీ గుర్రు. రాయమల్లు వేలెత్తి, డోలు చర్మం ఎంత లోతుగా పలుకుతోందో వినమని విజయేందర్‌కు చూపించాడు.

ఎల్లక్క వంటింటి గడపలోంచే అంది. "గది డోలు కాదు. నలభై ఏండ్ల సంది ఇంటున్న నేను."

విజయేందర్ సకినం నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. గుర్రు మళ్లీ వచ్చింది. ఈసారి చివర ఒక చిన్న ఈల కూడా ఉంది. కథలో రాజు అడవిలో దారి తప్పి ఏడుస్తుంటే, మైకు పక్కన రాయమల్లు హాయిగా నిద్రపోతున్నాడు. రాయమల్లు స్పీకర్ దగ్గరికి జరిగి చెవి పెట్టాడు. తర్వాత, తప్పు ప్లేయర్‌ది కాదని, అది ఉన్నదున్నట్టు చెబుతోందని ఒప్పుకున్నాడు. ఆ మాట అన్నాక ఆయనే ముందు నవ్వాడు.

సంగతి వాడకట్టంతా పాకింది. ఆ గుర్రు వినడానికే నలుగురు వచ్చారు. వచ్చినవాళ్లు పాటలూ విన్నారు. ఇంటికి పోయి అటకల మీది సీడీలు దులిపి తెచ్చారు. రాయమల్లు కన్ను మాత్రం బాలమల్లు పెరట్లో బీరపాదు మీద పడింది. పక్షులు రాకుండా ఆయన దానికి పన్నెండు సీడీలు దారాలతో వేలాడదీశాడు. గాలికి తిరుగుతూ మిలమిలలాడుతున్న వాటి మీద పేర్లు ఇంకా చదవొస్తున్నాయి. రాయమల్లు అడిగి విప్పుకుని, సబ్బుతో కడిగి, మెత్తటి గుడ్డతో తుడిచి ఒక్కొక్కటే పెట్టి చూశాడు. తొమ్మిది పోయాయి. మూడు పాడాయి. అందులో ఒకటి తాను ఎన్నాళ్లుగానో వెతుకుతున్న హార్మోనియం సీడీ.

వారం తిరక్కుండానే చిలకలు వచ్చి బీరపిందెలన్నీ కొరికిపోయాయి. బాలమల్లు కొరికిన పిందె ఒకటి చేత పట్టుకుని పోట్లాటకు వచ్చేసరికి పది దాటింది, హార్మోనియం మోగుతోంది. ఇప్పుడాయన మాట్లాడడని, కూచొమ్మని ఎల్లక్క చాప చూపించింది. బాలమల్లు పిందెను ఒళ్లో పెట్టుకుని, సీడీ అయ్యేదాకా గోడకానుకుని కూచున్నాడు.