ఈ ఇద్దరూ ఒకరేనా?

మా వైపు మొదటి మనవడికి జేజినాయన పేరు పెట్టడం ఆనవాయితీ. నాకు అదే పెట్టారు. మామ పేరు కోడలు నోట పలకకూడదు కాబట్టి అమ్మ నన్ను ‘పెద్దోడా’ అని పిలిచింది. నాయన కూడా నన్ను అట్లాగే పిలిచేవాడు. బళ్లో, బ్యాంకులో తప్ప నా అసలు పేరుతో ఎవరికీ పనిపడలేదు. ఇప్పుడు నాకు మనవరాలు కూడా ఉంది. అయినా కడపలో మా ఇంట్లో నేను పెద్దోణ్నే.

నాయన పోయిన ఏడాదికి మా అమ్మాయి ఇంటర్నెట్లో వంశవృక్షం కడతానని కూర్చుంది. పోయినవాళ్లను కంప్యూటర్లోకి ఎక్కిస్తే ఏమొస్తుందే అని విసుక్కుంటూనే తెలిసిన పేర్లన్నీ చెప్పాను. ఒకరోజు ఆ వెబ్‌సైటు ప్రశ్న వేసింది: ఈ ఇద్దరూ ఒకరేనా? అయితే కలపండి. చూస్తే ఒకటి నేను. రెండోదీ నేనే. అదే పేరు, అదే తండ్రి, అదే జేజినాయన. ఎవడో బుద్ధిలేనివాడు నన్ను రెండుసార్లు పుట్టించాడని తిట్టుకుని, కలిపెయ్యమన్నాను. మా అమ్మాయి నొక్కలేదు.

“తల్లి పేరు వేరే ఉంది నాన్నా. ఊరు డోన్. నీకంటే నాలుగేళ్లు పెద్ద,” అంది.

అమ్మ చింతపండులో గింజలు తీస్తోంది. పోయి అడిగాను. ఆమె చెయ్యి ఆగలేదు.

“మొదటామె కాన్పులోనే పాయ. బిడ్డను వాళ్లవ్వ డోన్‌కు ఎత్తుకపాయ. మీ నాయన పోయి చూసిందీ ల్యా, నేను పొమ్మనిందీ ల్యా.”

“మరి ఆ పేరే నాకెట్లా పెట్టినారు?”

“నేను పెట్టినానా? మీ నాయనే పెట్టె. మా నాయన పేరు ఈ ఇంట్లో ఉండాల అనె.”

కోపం రావాలి. రాలేదు. పన్ను పీకేముందు మత్తుసూది వేశాక చెంప గిల్లుకుంటే ఎట్లా ఉంటుందో అట్లా ఉంది. బతికున్న కొడుకును లేడనుకుంటే తప్ప ఆ పేరు ఇంకొకడికి పెట్టరు. ఆ సంగతి నాకు నేనే చెప్పుకున్నాను. అన్నం తిన్నాను, పడుకున్నాను.

డోన్‌లో ఆ రెండో వంశవృక్షం కట్టింది నా పేరున్న ఆయన కొడుకు. అతనే తండ్రి ఫోన్ నంబరు పంపాడు. మాట్లాడి, ఒక ఆదివారం బస్సెక్కాను.

స్టేషను ఎదురుగా హోటల్లో కూర్చుని ఉన్నాడాయన. నాయన పోలికలు వెతికాను. చెవులు తప్ప ఏమీ దొరకలేదు. ‘అన్నా’ అనాలని తెలుసు, నోరు రాలేదు.

“రాప్పా, కూచో. ఎండకు వచ్చినావు,” అన్నాడు.

బజ్జీలు, టీ చెప్పాడు. పొలంలో వాటా అడుగుతాడేమోనని దారంతా జవాబు తయారు చేసుకుంటూ వచ్చాను నేను. ఆయన అడిగింది అది కాదు.

“ఒకటే తెల్సుకోవాలని ఉండాది. మీ నాయన ఎప్పుడన్నా నా మాట ఎత్తుతాండెనా?”

ఒక్కసారీ ఎత్తలేదు. ఆ నిజం నోటిదాకా వచ్చింది. టీ మీద మీగడ కడుతూ ఉంటే దాన్నే చూశాను.

“పెద్దోడు, పెద్దోడు అంటాండె,” అన్నాను. “పోయేముందు గూడా అదే మాట.”

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఆయన తల వంచుకుని టీ గ్లాసు పక్కకు పెట్టాడు. తర్వాత బజ్జీల ప్లేటు నా వైపు జరిపాడు.

“తినురా. సల్లారిపోతాండాయి.”

కొత్తవాణ్ని పిలిచినట్టు ‘అప్పా’ అన్న మనిషే ‘రా’ అన్నాడు. పుట్టి ఇన్నేళ్లకు నేను చిన్నోణ్నయ్యాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ, అన్నాళ్ల మొద్దుతనంలో ఆ ఒక్క నిమిషం నాకు హాయిగా అనిపించింది. బజ్జీ తుంచుకున్నాను.

ఫోన్ మోగింది. అమ్మకు చెవుడు, ఫోన్లో అరిచి మాట్లాడుతుంది. ఎత్తగానే పక్క బల్లలవాళ్లకు కూడా వినపడింది.

“పెద్దోడా, యాడుండావురా? తిన్నావా?”

నాకంటే ముందు ఆయన తలెత్తాడు. అమ్మ మళ్లీ పిలిచింది.

“పలుకప్పా,” అన్నాడాయన. “నిన్నే.”