అన్నం ఆబ్సెంట్, అటుకులు ప్రాక్సీ

ఆ రోజుల్లో మా వాళ్ళ దృష్టిలో పొయ్యి వెలగని ఇల్లంటే, ఆ ఇంట్లో ఎవరో మంచాన పడ్డారని, లేదా ఎవరో ఎవరిమీదో అలిగారని అర్థం. (ఆ రోజుల్లో అన్నానని మరీ వెనక్కి వెళ్ళిపోకండి. ఫోన్ మీద వేలు కదిపితే బిర్యానీ గుమ్మంలో వాలే రోజులే.) అటువంటి ఇంట్లో పుట్టి పెరిగిన నేను, తెనాలి పక్క ఊరి నుంచి మొదటి ఉద్యోగానికి సికింద్రాబాదు వచ్చి, పొయ్యి అనే మాటే వినపడకూడని గదిలో మకాం పెట్టాను. చిలకలగూడలో మేడమీద గది అది. కింద ఓనరాంటీ ఉండేది. అంతకుముందు అద్దెకున్న అమ్మాయిలెవరో కరెంటు పొయ్యితో కిటికీ పరదా అంటించారట, అప్పటినుంచి ఆవిడ గది చూపించడానికి ముందే షరతు చూపించేది. "స్టవ్ వద్దు, హీటర్ వద్దు, చాయ్ సుత పెట్టద్దు. గిట్ల ఒప్పుకుంటేనే తాళంచెవి ఇస్త. మల్ల నన్ను పరేషాన్ చెయ్యొద్దు." నేను ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను. వంట రానిదానికి వంట వద్దనే ఇల్లు దొరికితే ఇంకేం కావాలి?

మొదట్లో రాజభోగమే. పొద్దున స్టేషన్ దగ్గర బండి మీద ఇడ్లీ, మధ్యాహ్నం ఆఫీసు కింద ఫ్రైడ్ రైస్, సాయంత్రం మిర్చీ బజ్జీ, ఆ తరవాత బిర్యానీ. కొన్నాళ్ళకి కడుపు తిరగబడింది. తింటే ఇమడదు, తినకపోతే నీరసం. వీడియో కాల్‌లో మా అమ్మ నా మొహాన్ని పరీక్షగా చూసింది. ఆవిడ స్కూలు టీచరు. పిల్లవాడి మొహం చూసి హోమ్‌వర్క్ చేశాడో లేదో చెప్పేయగలదు. "ఈస్టర్ లోపల నేనే వస్తున్నా. నీ బుగ్గలు అప్పటికీ అట్లా లోపలికే ఉంటే బట్టలు సర్దించి తీసుకొచ్చేస్తా. మా స్కూల్లో ఖాళీ ఉందిగా, చక్కగా ఇంట్లో తింటా పాఠాలు చెప్పుకుందువుగాని" అని తీర్పు చెప్పేసింది. నా ఉద్యోగం, నా జీతం, ఎవరినీ అడగకుండా తలుపు తాళం వేసి ఎటైనా వెళ్ళగలిగే నా కొత్త దర్జా, అన్నీ ఒక్కసారిగా నా బుగ్గల మీద ఆధారపడిపోయాయి.

అప్పుడు నన్ను ఆదుకున్నది నా గదిలోనే ఉండే మొలకలక్క. (ఆ పేరు నేను పెట్టిందే, ఆవిడ దాన్ని బిరుదులా స్వీకరించింది.) కరీంనగర్ వైపు మనిషి, బొల్లారంలో ఒక స్కూల్లో ఆటల టీచరు. ఆవిడ వండేది కాదు, బయట కొనుక్కు తినేదీ కాదు, అయినా మెట్లు రెండేసి చొప్పున ఎక్కేది. అంతవరకూ ఆవిడ మంచం పక్కన గిన్నెలో తడిగుడ్డ కింద మొలకెత్తుతున్న పెసలను చూసి, పాపం, ఏదో జబ్బుకి పథ్యం కాబోలనుకునేదాన్ని. నేను బుగ్గల సంగతి చెప్పుకుని ఏడిస్తే, ఆవిడ నా బిర్యానీ డబ్బా మూత తీసి చూసి, "ఏందీ తిండి? నూనె మీద నూనె. రేపటి సంది నా పళ్ళెంల తిను. బుగ్గలెందుకు రావో నేను చూస్త" అంది. వండకుండా ఎలా బతుకుతామని నేను నసిగాను. ఆవిడకి కోపం వచ్చింది. "వండకుండ తినుడు మనకు కొత్తనా? పచ్చిపులుసు ఎవలు వండిన్రు? వడపప్పు ఎవలు వండిన్రు? చలిమిడి పొయ్యెక్కుతదా? పానకం పొయ్యెక్కుతదా? దేవునికి నడుస్తది గని నీ కడుపుకు నడవదా?" నేను ఒప్పుకోక తప్పలేదు. మాది చర్చికి వెళ్ళే కుటుంబమే అయినా, శ్రీరామనవమికి వీధిలో పందిరి కింద చలిమిడి పెట్టించుకోవడంలో నేనెప్పుడూ వెనకబడలేదు.

ఆవిడ పచ్చిపులుసు చేస్తుంటే చూడాలి. నానిన చింతపండు పిసికి, ఉల్లిపాయ ముక్కలు, పచ్చిమిరపకాయ చేత్తోనే నలిపి, చిటికెడు బెల్లం, వాళ్ళమ్మ పంపిన నువ్వుల పొడి వేసేది. (నువ్వులు వేయించింది కరీంనగర్‌లో కాబట్టి ఓనరాంటీ షరతుకు భంగం లేదు.) దాన్ని నానిన మందపాటి అటుకుల మీద పోసేది. పక్కన పెసల మొలకల్లో మామిడికాయ తురుము, కొబ్బరి, ఇంకో పక్క కీరా, టమాటా, తరిగిన లేత పాలకూర, గిన్నె నిండా పెరుగు, జామకాయో బొప్పాయి ముక్కో, చివర్లో పల్లీల బెల్లం ఉండ. ఇంత పెట్టుకుని తినబోతే ఊరుకునేది కాదు. మెడలో విజిల్ అలాగే వేలాడుతుండగా పళ్ళేనికి హాజరు తీసుకునేది. "పప్పు?" అంటే నేను "ప్రెజెంట్" అనాలి. "ఆకు?" "ప్రెజెంట్." "పండు?" "ప్రెజెంట్." ఆకు బదులు కొత్తిమీర రెమ్మతో సరిపెట్టబోతే, "గది ఆకా? గది ఆకు తమ్ముడు. వాళ్ళ అక్కను తోల్కరా పో" అని లేపి పంపేది. నవ్వులాటే గానీ నేను ఒక్కటి గమనించాను. హాజరు పూర్తయిన పళ్ళెం తిన్న రోజున నాకు సాయంత్రం నీరసం వచ్చేది కాదు. ఆటల టీచరే గానీ, నా కంటికి ఆవిడ పెద్ద డాక్టరమ్మ అయిపోయింది.

కింద ఓనరాంటీ ఇదంతా గమనిస్తూనే ఉంది, కానీ ఆవిడ కళ్ళకు వేరే సినిమా కనిపించింది. నానబెట్టిన పప్పు, అటుకులు, పండ్లు, పెరుగు తప్ప వండింది ముట్టని ఆడపిల్లలను చూసి, ఇద్దరం రోజూ ఒక్కపొద్దు ఉంటున్నామని తీర్మానించుకుంది. (ఒక్కపొద్దంటే అక్కడ ఉపవాసమే.) ఒకరోజు నన్ను ఆపి, "మీ మతంల సుత ఒక్కపొద్దులుంటయా బిడ్డా?" అని అడిగింది. ఈస్టర్ ముందు శ్రమదినాలు కదా, "ఎందుకుండవాంటీ, మాకూ ఉపవాస ప్రార్థనలు ఉంటాయి" అన్నాను. ఆవిడ నాకు దణ్ణం పెట్టినంత పని చేసి, అరటిపండ్లు చేతిలో పెట్టింది. ఎందుకిచ్చిందో తెలియక నేను సంతోషంగా తినేశాను.

మా అమ్మ వచ్చిన ఆదివారం, మెట్ల దగ్గరే ఓనరాంటీకి దొరికిపోయింది. "నీ బిడ్డ బంగారమమ్మా! వచ్చిన కాడికెల్లి రోజూ ఒక్కపొద్దే. వండింది ముట్టదు. గింత చిన్న వయసుల గంత భక్తి నేను యాడ చూడలే." పొగుడుతున్నానే అనుకుంది పాపం. మా వాళ్ళలో రోజుల తరబడి ఉపవాస ప్రార్థన ఎవరూ ఊరికే పట్టరు. ఆపరేషనో, కోర్టు కేసో, లేక పెద్దవాళ్ళు ఒప్పుకోని పెళ్ళో ఉండాలి. అమ్మ గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. "అమ్మకి చెప్పుకోలేక దేవుడికి చెప్పుకుంటున్నావా? ఎవరే ఆ అబ్బాయి?" నేను తెల్లబోయి, "అబ్బాయి లేడమ్మా, అటుకులున్నాయి" అన్నాను. ఆవిడ ఆ మాట పట్టించుకోలేదు. నా బుగ్గల వైపైనా చూడకుండా, మంచం కింద నుంచి సూట్‌కేసు బయటికి లాగి, "సర్దు" అంది.

అప్పుడే మైదానం నుంచి వచ్చిన అక్క, సూట్‌కేసునీ నా మొహాన్నీ చూసి సంగతి గ్రహించింది. "నమస్తే మేడం. సర్దుడు తర్వాత, ముంగట భోజనం" అని ఏమీ ఎరగనట్టు మూడు పళ్ళేలు పరిచింది. అమ్మ వాటిలో ఆవిరి కోసం వెతికింది. ఎక్కడా కనబడక, అలవాటు ప్రకారం కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. "ప్రభువా, వండిన ఈ..." అని ఆగిపోయింది. ఒక కన్ను తెరిచి పళ్ళెం చూసింది. "...ఉన్న ఈ ఆహారాన్ని దీవించు తండ్రీ" అని ముగించింది. నేను చర్చిలో కూడా అననంత గట్టిగా ఆమెన్ అన్నాను. అక్క మామూలుగా హాజరు షురూ చేసింది. పప్పు, ఆకు, పండు అని ఒక్కొక్కటీ పిలుస్తుంటే, నా ప్రెజెంట్లు వింటూ అమ్మలోని టీచరు నిటారుగా కూర్చుంది. ఆఖరికి ఉండబట్టలేక తనే గద్దించింది. "మరి అన్నం?"

"అన్నం ఆబ్సెంట్ మేడం. అటుకులు ప్రాక్సీ."

అమ్మ గంభీరంగా ఉండాలని చాలా ప్రయత్నించింది గానీ పులుసు పొలమారింది. దగ్గు, నవ్వు కలిసిపోయి కళ్ళ నీళ్ళు తుడుచుకుంది. మొలకలు రెండోసారి పెట్టించుకుంటూ, "ఈ పులుసులో ఏమేశావమ్మా?" అని అక్కని అడిగింది. గోదావరిదాకా తన పులుసుకి సాటి లేదనుకునే మనిషి! సరిగ్గా అప్పుడే ఓనరాంటీ ఒక్కపొద్దు పిల్లలకని అరటిపండ్లు పట్టుకుని లోపలికి వచ్చింది. నిండిన పళ్ళేలు, నిండిన నోళ్ళు చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. "గిదేం ఒక్కపొద్దు? నాకంటె ఎక్కువ తింటున్రు గదనే!" అని నొచ్చుకుంది. అమ్మ అప్పుడు నా మొహం వైపు నింపాదిగా చూసింది. బుగ్గలు, గడ్డం, కళ్ళు, అన్నీ పేపరు దిద్దినట్టు చూసి, కాలితో సూట్‌కేసుని మంచం కిందికి తోసేసింది.

సాయంత్రం స్టేషన్‌లో రైలెక్కించాక, కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుని, "ఆ పిల్ల ఉన్నన్నాళ్ళూ నీకు భయం లేదు. పెళ్ళి చేసుకుని వెళ్ళిపోతే మాత్రం చెప్పు, నేనొస్తా" అంది. నవ్వాను. రైలు కదిలాక ఏడుపొచ్చింది. ఆ పూట చిలకలగూడ దాకా నడిచి వస్తూ, అమ్మతో పోరాడి నా ఉద్యోగాన్ని, నా బతుకుని నేనే గెలుచుకున్నానని ఎంత గర్వపడ్డానో! అప్పటి నన్ను ఇప్పుడు తలుచుకుంటే ముద్దొస్తుంది, కొంచెం జాలీ వేస్తుంది. గెలిపించింది మొలకలక్క. పక్కన కూర్చుని నేను చేసిందల్లా నమలడమే.