చివరి బొమ్మలో లేని కుక్క

జనవరి పదకొండో తేదీ, ఆదివారం, ఉదయం ఆరు గంటల ఇరవై నిమిషాలకు మా అన్న యోహాను నెల్లూరులో మా ఇంటి తలుపు తట్టాడు. అతని చంకలో పురికొసతో కట్టిన రేకుపెట్టె ఒకటి ఉంది. పాలెంలో మా పాత ఇంటి కప్పు విప్పుతుంటే అటక మీద దొరికిందని చెప్పి, వంకర తిరిగిన ఎడమకాలిని ముందుకు చాపుకొని కుర్చీలో కూర్చున్నాడు. మూత ఎత్తీ ఎత్తగానే చెమ్మ పట్టిన చౌకరకం కాగితం వాసన, దాని వెనకే ఎండు నెత్తళ్ళ చేపల వాసన, కిరసనాయిలు వాసన గదినిండా పరుచుకొన్నాయి. లోపల అట్టలు చిరిగిన బొమ్మల కథల పుస్తకాలు పదకొండు ఉన్నాయి. కిటికీ బయట ఎదురింటి గోడ కనిపించనంత మంచు. నేను పెట్టెలో చేయి పెట్టలేదు.

“తీసి చూడుమే, కరవదులే,” అన్నాడు అన్న.

మా పాలెం జువ్వలదిన్నెకు ఉత్తరాన, సముద్రానికీ ఉప్పుటేటికీ నడుమ చాచిన చేతిలాంటి సన్నని ఇసుకనేల మీద ఉండేది. తూర్పున సముద్రం, పడమట ఉప్పుటేరు. రెండూ ఊరికి దక్షిణాన మైలు దూరంలో కలిసేవి. ఆ కలిసే చోటును మేము మొగ అనేవాళ్ళం. మొగ దగ్గర నీటి అడుగున ఇసుక మేటలు ఎప్పటికప్పుడు చోటు మారుతుండేవి కాబట్టి అలలు ఒడ్డు చేరకముందే అక్కడ విరిగి తెల్లగా నురగ కక్కేవి. ఎంత చేయి తిరిగినవాళ్ళయినా పడవను అటు పోనిచ్చేవాళ్ళు కారు. మా బాల్యమంతా ఆ విరిగే చప్పుడు వింటూనే గడిచింది.

చలి మొదలయ్యేసరికి పాలేనికి ఒక కొత్త రూపం వచ్చేది. ఇసుక మీద ఆరబోసిన నెత్తళ్ళు పొద్దెక్కేకొద్దీ వెండిరేకుల్లా మెరిసేవి. కాకులను తోలడానికి పిల్లలం వంతులు వేసుకొనేవాళ్ళం. క్రిస్మస్ దగ్గరపడుతుంటే వెదురుబద్దలకు రంగుకాగితం అంటించిన నక్షత్రాలు ఇళ్ళ ముందు గాలికి గిరగిరా తిరిగేవి. మా అవ్వ ఇనుప అచ్చును పిండిలో ముంచి, కాగే నూనెలోకి దించి, పుల్లతో ఒక్క తట్టు తట్టి గులాబిపూలు వదులుతుంటే, విరిగిన రేకులు మాకు, నిలిచిన పూలు చుట్టాలకు అన్నది ఆ ఇంటి న్యాయం. అలాంటి ఒక డిసెంబరులోనే మా మేనమామ కావలిలో పాతకాగితాల కొట్టునుంచి ఈ పదకొండు పుస్తకాలూ తెచ్చి మా ముందు పడేశాడు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు, అన్నకు పద్నాలుగు.

కథలన్నీ నీలకేతు అనే వీరుడివి. అతడు ఎగరగలడు, కొండలు ఎత్తగలడు, నీలంరంగు వల్లెవాటు వేసుకొని మేడల అంచుల మీద నిలబడగలడు. అతడు చిటికె వేస్తే ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చే గోధుమరంగు కుక్క ఒకటుండేది. దానికి ఏ శక్తులూ లేవు. నల్లపొగలో నీలకేతు బలం ఉడిగిపోతే అతని కాలర్ పళ్ళతో పట్టి ఈడ్చుకొచ్చింది అదే. గుహలో శత్రువు దాగిన సంగతి ముందుగా వాసన పట్టింది అదే. తాళ్ళు కొరికింది, దెబ్బ తిన్నది అదే. అయినా కథ ముగిసే చివరి బొమ్మలో జనం నీలకేతు మెడలో దండలు వేస్తుంటే కుక్క ఎక్కడా కనిపించేది కాదు. పదకొండు పుస్తకాల్లో ఒక్కదానిలోనూ లేదు. ఈ సంగతి అన్న గమనించలేదు. నేను గమనించడానికి కారణం ఉంది. మా ఆటలో ఒడ్డున బోర్లించిన పడవ మీద దుప్పటి కట్టుకొని నిలబడే నీలకేతు ఎప్పుడూ అన్నే. వేడి ఇసుకలో మోకాళ్ళ మీద పాకే కుక్కను ఎప్పుడూ నేనే. చివర్లో పిల్లలందరూ అన్నను భుజాలకెత్తుకొని పోతే, నేను మోకాళ్ళకంటిన ఇసుక దులుపుకొంటూ వెనక నడిచేదాన్ని.

కొన్నాళ్ళకు నాకు ఆ పని తప్పింది. వలలు బాగుచేసే పాక కింద పుట్టిన ఒక కుక్కపిల్ల మా గడప పట్టుకొంది. దానికి చిటికె అనే పేరు పెట్టి, వేళ్ళ చప్పుడుకు రావడం నేనే నేర్పాను. కానీ అది మనసిచ్చింది మాత్రం అన్నకు. మరుసటి చలికాలం అన్న బడి మాని నాన్నతో వేటకు పోవడం మొదలుపెట్టాడు. కోడికూతకు ముందే వాళ్ళు పడవ తోసుకొని పోతే, అది నీళ్ళ అంచున కూర్చొని, తెల్లవారుతుండగా సముద్రం వైపు మెడ సాచి ఏడ్చేది. పడవ ఒడ్డు తాకిన తరవాతే నోరు మూసేది.

పుష్యమాసంలో ఒకరోజు మంచు కమ్ముకొంది. ఆ పూట పడవలు అక్కడొకటి ఇక్కడొకటి ఒడ్డెక్కితే, మా పడవ ఒక్కటే నేరుగా మా ఇంటి ముందుకొచ్చింది. ఆ మధ్యాహ్నం కూటి దగ్గర నాన్న తలెత్తకుండా అన్నతో చెప్పిన మాట నేను విన్నాను.

“ఒడ్డు యాడుందో నాకు తెలీలేదురా. కుక్క గొంతు పట్టుకొని వచ్చినా.” ఆగి, నా వైపు చూశాడు. “బయట అనబాక పాపా. సముద్రమోడు కుక్క దారి చూపితే ఇల్లు చేరినాడని నవ్వుతారు.”

నేను తల ఊపాను. చెప్పినది చేయడం తప్ప మరొకటి తెలియని పిల్లను నేను.

ఊరి పెద్దలు విధించే కట్టుబాటును మా పాలేల్లో దురాయి అంటారు. పడవలు నీటిమీద ఉండగా సముద్రాన్ని చూసి ఏడ్చే కుక్కను ఉప్పుటేరు దాటించి వదలాలి, చంపకూడదు, తిరిగి తేకూడదు అన్నది మా పాలెంలో అందరికన్నా పాత దురాయి. గుడికి పోయేవాళ్ళకూ చర్చికి పోయేవాళ్ళకూ అది ఒకటే. అవ్వ చాలారోజులు మా కుక్క సంగతి విననట్టే ఉండిపోయింది. కానీ ఆ వారం ఉత్తరం పాలెంలో ఒక మనిషి వేటకు పోయి తిరిగి రాలేదు. ఆడవాళ్ళు పొద్దున పూట మాట్లాడుకోవడం మానేశారు.

ఆ మనిషి పోయిన మూడోరోజు తెల్లవారుజామున చిటికె గొంతెత్తింది. అమ్మ అప్పటికే చేపలగంపతో కావలికి వెళ్ళిపోయింది. పక్కింటి కోటమ్మ మా వాకిట్లోకొచ్చింది. ఆమె వెనక మరో నలుగురు.

“ఏం పెద్దమ్మా, నీ కుక్క అట్టా ఏడస్తా ఉంటే గమ్మునుండావే? మీ వోళ్ళేనా నీళ్ళమీద, మా మొగోళ్ళు లేరా?”

అవ్వ బైబిలు మూసి, నన్ను చూసింది. “నీ మాటయితే వింటది. చిటికేసి తీసకపో. కొట్టబాక. అవతల దించేసి రా.”

నాకు నిజం తెలుసు. నాన్నకు ఇచ్చిన మాట కూడా తెలుసు. చెప్పాలని నోరు తెరిచి, కోటమ్మ నవ్వు ఎలా ఉంటుందో తలుచుకొని మూసుకొన్నాను. నీళ్ళ అంచుకు పోయి చిటికె వేశాను. అది ఏడుపు ఆపి, తోక ఊపుకొంటూ నా వెనక వచ్చింది.

ఉప్పుటేటి మీద పడవ తోసే పోలయ్య దాన్ని చూసి, “ఏం దొరా, పట్నం ప్రయాణమా?” అన్నాడు. అది ఒక్క దూకుతో ఎక్కి పడవ ముక్కు మీద నిలబడింది. చెవులు గాలికి వెనక్కి వాలాయి. పుస్తకాల్లో నీలకేతు నిలబడేది సరిగ్గా అలాగే. అవతలి ఒడ్డున దిగి, ఒడిలో దాచిన గులాబిపువ్వు ముక్క ఇసుకలో వేశాను. అది తలవంచి తింటుండగా నేను పడవెక్కాను. పోలయ్య గడకర్ర వేశాడు. అది తలెత్తి, నీళ్ళలోకి రెండడుగులు వేసి ఆగింది. కాసేపు మమ్మల్ని చూసి, ఒడ్డు వెంట దక్షిణంగా నడవడం మొదలుపెట్టింది.

మేము ఇవతలికి చేరేసరికి మంచు దిగింది. సముద్రం కనిపించలేదు, తరవాత ఇళ్ళు కనిపించలేదు, చివరికి నా పాదాలు కనిపించలేదు. ఊరంతా నిశ్శబ్దం. అప్పుడు వినిపించింది ఆ ఏడుపు, దూరంగా, దక్షిణం నుంచి. “ఇంకా మానలేదు పాడుది,” అంది కోటమ్మ. ఆ గొంతు మొగ అవతలి ఒడ్డునుంచి వస్తోందని నాకు అర్థమైంది. అది ఎప్పటిలాగే అన్న కోసం నీళ్ళ అంచు వెతుక్కొంది; దానికి దొరికిన నీళ్ళ అంచు అదే. నాన్న ఇప్పుడు ఆ గొంతు పట్టుకొని వస్తాడు.

అవ్వ చెంగు పట్టుకొని అంతా చెప్పేశాను. ఆమె నన్ను తిట్టలేదు. పరుగెత్తింది. ఆమె పరుగెత్తడం అంతకుముందు గానీ ఆ తరవాత గానీ నేను చూడలేదు. చర్చి ముందు గంటగా వేలాడదీసిన రైలుపట్టా ముక్కను రాయితో మోదుతూనే ఉంది, అరచేయి చిట్లి రక్తం కారేదాకా.

నాన్నకు ఆ గంట వినిపించిందట, అయినా కుక్క గొంతు వైపే పడవ తిప్పాడట. “గంట అందరిదీ, కుక్క మనది అనుకొన్నా,” అని చాలా ఏళ్ళ తరవాత ఒక్కసారి చెప్పాడు. పడవ మొగలో విరిగే అలల మధ్యకు పోయి తిరగబడింది. నాన్న ఒక పలకను పట్టుకొని మా వైపు ఒడ్డున పడ్డాడు. అన్నను అల అవతలి ఇసుకమేట మీదికి విసిరింది, పడవ అంచు తగిలి కాలు విరిగింది, పోటు ఎక్కుతోంది. పోలయ్యా మరో ఇద్దరూ మంచులో అరుపు విని అటు పడవ తోశారు. అరుస్తున్నది చిటికె. మెడలోతు నీళ్ళలో నిలబడి ఉందట. అన్న చేయి దాని మెడ చుట్టూ ఉందట. అన్నను పడవలోకి ఎత్తుకొన్నాక అది కూడా ముందుకాళ్ళు పడవ అంచున వేసింది.

“దాన్ని ఎక్కించబాకండి, దురాయి,” అన్నారు ఎవరో. పోలయ్య ఆ ముందుకాళ్ళను తన చేత్తోనే దించాడు.

రెండు వారాల తరవాత మా ఇంట్లో కృతజ్ఞతా కూడిక జరిగింది. పాస్టరుగారు దేవునికీ, పోలయ్యకూ, గంట కొట్టిన అవ్వకూ, కట్టుకట్టిన డాక్టరుగారికీ పేరుపేరునా వందనాలు చెప్పారు. గులాబిపూలు పంచాము. కుక్క ఏడ్చింది, కీడు జరగనే జరిగింది, దురాయి ఎంత నిజమో చూడమని కోటమ్మ వరండాలో చెబుతుంటే అందరూ తలలు ఊపారు. నాన్న ఏమీ అనలేదు. నేనూ అనలేదు. ఆ గదిలో ఎవరికీ కనపడకుండా ఒక చోటు ఖాళీగా ఉన్నదని నాకు తెలుస్తూనే ఉంది.

మరునాడు పోలయ్య పడవలో అవతలికి పోయాను. అది మొగ దగ్గర ఇసుకలో కూర్చొని ఉంది, బాగా చిక్కింది. చిటికె వేశాను. చెవులు నిలబడ్డాయి. నా వైపు చూసింది, చాలాసేపు చూసింది. మళ్ళీ వేశాను. అది లేచి, నాకు వీపు చూపి, నీళ్ళ అంచు వెంట నడిచిపోయింది. ఆ ఎండాకాలం దాకా అవతలి ఒడ్డున ఎవరెవరికో కనిపించింది. తరవాత కనిపించలేదు.

అన్న తెచ్చిన పుస్తకాలను ఆ ఉదయం చివరికి తెరిచాను. ఒక్కొక్కదాని చివరి బొమ్మలో, దండల నీలకేతు పక్కన, పెన్సిలుతో గీసిన కుక్క ఉంది. చేయి తిరగని గీత, కాళ్ళు ఒకదానికొకటి సరిపోవు. పదకొండింటిలోనూ ఉంది. కట్టుతో మంచానపడి ఉన్న నెలల్లో గీశానని అన్న చెప్పాడు.

“అన్నిట్లోనూ అటు తిరిగి ఉందేందన్నా?” అన్నాను.

“మొహం గీయడం నాకు రాలా,” అన్నాడు.

ఇప్పుడు ఉప్పుటేటి మీద వంతెన ఉంది, పోలయ్య పడవ లేదు. పడవల్లోని యంత్రాలు ఒడ్డు ఎటుందో అంకెల్లో చూపుతాయి. మంచులో చెవి ఒగ్గి వినేవాళ్ళు లేరు. ఆ దురాయిని ఎవరూ ఎత్తివేయలేదు. సముద్రం వైపు కూర్చొని ఎదురుచూసే కుక్కలే లేవు కాబట్టి దాని అవసరం రాలేదు.

అన్న మళ్ళీ పడవ ఎక్కలేదు. నేను మళ్ళీ ఏ ప్రాణినీ చిటికె వేసి పిలవలేదు.